ఎర్రబడ్డ పసుపు

ఆ ఎండాకాలం నేను ఇంటి కోసం తయారుచేసిన వాటిలో చాలావాటిని తర్వాత నేనే పారబోశాను. పాత లంగాలు మడిచి కుట్టిన, గుమ్మాల దగ్గర వేసే కాళ్లపట్టాలు మాత్రం ఇంకా ఉన్నాయి. కాలు పెడితే జారతాయి. అందుకే మా ఇంట్లో అందరం తలుపు దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషుల్లా నడుస్తాం.

ఉగాది వెళ్లిన వారానికి మొదలైంది. హన్మకొండ చౌరస్తా దగ్గర మా ఆయన శ్రీనివాస్‌కు చిన్న స్టేషనరీ షాపు ఉంది. షాపు ఉన్న మడిగె యజమాని కిరాయి పెంచాడు. ఆ సంగతి మా ఆయన అన్నం తింటూ, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పాడు.

"ఇంట్ల ఖర్చు జర చూసి పెట్టాలె శోభా."

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. ఇరవై ఏళ్లుగా ఆ చదువును ఉప్పు మీద, చింతపండు మీద తప్ప ఎక్కడా వాడలేదు. ఆయన మామూలుగా అన్న మాట నాకు డ్యూటీలో చేరమని ఆర్డరు వచ్చినట్టు వినిపించింది.

మొదటి కత్తెర ఆయన తల మీదే పడింది. మంగలి షాపుకు ఎందుకు, నేను కత్తిరిస్తానన్నాను. మర్నాడు షాపుకు వచ్చినవాళ్లు "టైఫాయిడ్ ఎప్పుడు తగ్గింది శ్రీనన్నా?" అని అడిగారట. ఆ తర్వాత పాత చొక్కాలు సంచులయ్యాయి. వాషింగ్ మెషీన్ నీళ్లు బకెట్లతో మోసి బాత్రూములో పోశాం. మా అమ్మాయి కావ్య ఇంటర్. దాని పాత నోట్‌బుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి కొత్త పుస్తకం చేసిచ్చాను. అది దాన్ని రెండువేళ్లతో పట్టుకుని నాన్న వైపు చూసింది.

"నానా, నువ్వు అమ్మేది నోట్‌బుక్కులే గద?"

"మీ అమ్మను అడుగు బిడ్డా. షాపు నాదే గని గవర్నమెంటు ఆమెది."

గిన్నెలు తోమే సబ్బు మీద నా కన్ను ఏప్రిల్ చివర్లో పడింది.

మా ఇంట్లో గిన్నెలు తోమేది బక్కమ్మ. వర్ధన్నపేట దిక్కు మనిషి. భర్త పోయాక పట్నం చేరి, మా కాలనీ వెనక రేకుల గదిలో ఒక్కతే ఉంటోంది. అరవైకి దగ్గర. ఏడేళ్లుగా మా ఇంటికి వస్తోంది. నన్ను పేరు పెట్టి పిలవదు, అమ్మగారూ అనదు, "బిడ్డా" అంటుంది. అందులో చనువు ఎంతుందో, నన్ను మారు మాట్లాడనివ్వని అధికారమూ అంతే ఉంటుంది.

ముందు కుంకుడుకాయలు, పిండేసిన నిమ్మచెక్కలు కలిపి ఉడకబెట్టి, వడగట్టి సీసాలో పోసి ఆమె ముందు పెట్టాను. ఒక గంజు తోమి ఆగింది.

"గిదేంది బిడ్డా? గిన్నెలు తోముమంటాన్నవా, గిన్నెలకు తలంటుమంటాన్నవా?"

"జిడ్డు పోతలేదా?"

"జిడ్డు ఏడికి పోతది? దానికి నీ నీళ్లు మస్తు నచ్చినయ్. కూసున్నకాడ్నే కూసున్నది."

నాకు రోషం వచ్చింది. చదువుకున్నవాళ్లకు రోషం వస్తే సామాను కొంటారు. వరంగల్ బజార్లో కెమికల్స్ అమ్మే దుకాణానికి స్కూటీ మీద వెళ్లాను. నల్లగా తేనెలా ఉండే యాసిడ్ స్లర్రీ, నురగ వచ్చే మందు, తెల్లటి పెంకుల్లా ఉండే కాస్టిక్ సోడా తెచ్చాను. "కాస్టిక్ చేతికి తాకనియ్యకుండ్రి మేడం" అన్నాడు దుకాణం అతను. కెమిస్ట్రీ చదివినదానికి చెప్తున్నాడు చూడు అని లోపల నవ్వుకున్నాను. నవ్వుకున్నా, చెప్పిన మాట మాత్రం విన్నాను. తలకు వేసుకునే రంగు ప్యాకెట్లో వచ్చిన ప్లాస్టిక్ గ్లౌజులు దాచి ఉంచాను కదా, అవి వేసుకుని మరీ కలిపాను. బక్కమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"చేతులకు ఆ కవర్లెందుకు?"

"ఊకెనే. వాసన అంటుతది."

అందులో పెద్ద విద్యేమీ లేదు. స్లర్రీ ఆమ్లం, కాస్టిక్ క్షారం. సరైన పాళ్లలో కలిస్తే ఒకదాని పొగరు ఒకటి అణచుకుని రెండూ కలిసి మెత్తటి సబ్బవుతాయి. కాస్టిక్ ఎక్కువైతే దాని పొగరు అట్లాగే మిగిలిపోతుంది. మొదటి బకెట్టు పాళ్ల ప్రకారమే చేశాను. బానే ఉంది కానీ పాలగిన్నె అడుగు నలుపు కదల్లేదు. రెండో బకెట్టులో ఒక గరిటె కాస్టిక్ ఎక్కువ వేశాను. పాలగిన్నె అడుగులో నా మొహం కనిపించింది. మూడోసారి నుంచి ఆ ఎక్కువ గరిటె మామూలు గరిటె అయిపోయింది.

ఎదురింటి శకుంతలక్క రెండోరోజే వచ్చింది.

"ఏం సబ్బు వాడ్తాన్నవే శోభా? మీ గిన్నెల మెరుపు మా హాల్లకు కొడ్తాంది."

చెప్పాను. చెప్పకుండా ఉండగలిగే రకాన్ని కాదు. ఒక సీసా ఇచ్చాను. సందు చివర నవ్య వాళ్ల అమ్మ ఖాళీ సీసా తనే తెచ్చుకుంది. నేను డబ్బులు తీసుకోలేదు, పొగడ్తలు తీసుకున్నాను.

మూడిళ్లల్లోనూ గిన్నెలు తోమేది బక్కమ్మే. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు అని రాసుకుంటే బాగుండును. తట్టింది. అన్నిచోట్లా ఒకే సబ్బైతే ఆమెకు పని సులువు కదా అనుకున్నాను.

మే నెల నడుమ మామిడికాయ తొక్కు పెట్టాం. పసుపు, నూనె పట్టి కలిపిన పెద్ద బేసిను, రెండు పళ్లాలు, గరిటెలు వెనకవైపు పంపు దగ్గర వేశాను. కొంచెంసేపటికి బక్కమ్మ కేక.

"బిడ్డా! ఇటు రా! జల్ది రా!"

వేలు తెగిందేమోనని పరిగెత్తాను. బక్కమ్మ బేసిను వంచి చూపిస్తోంది. నా సబ్బు నీళ్లు పడ్డచోటల్లా పసుపు కుంకుమలా ఎర్రబడింది. లేత ఎరుపు కాదు. హారతి పళ్లెం రంగు.

"చూసినవా? నీ నీళ్లు పడంగనే పసుపు కుంకుమ అయింది! నేను ఇన్నేండ్ల సంది ఎన్ని గిన్నెలు తోమిన, గిట్ల ఎన్నడు చూడలే. నీ ఇంట్ల లక్ష్మి ఉన్నది బిడ్డా."

అని, ఆ ఎర్రటి నీళ్లలో వేలు ముంచి పంపు మీద ఒక బొట్టు పెట్టింది.

పసుపుకు సున్నం తగిలితే హారతి నీళ్లు ఎర్రబడేది ఎందుకో నాకు తెలుసు. క్షారం ఎంత గాఢమైతే ఎరుపు అంత చిక్కన. డిగ్రీ మొదటి ఏడు ల్యాబులో పసుపు కాగితం ముక్కతో మేం చేసిన మొట్టమొదటి పరీక్ష అదే. అంగట్లో కొన్న సబ్బుకూ పసుపు కాస్త ఇటుక రంగుకు తిరుగుతుంది. ఇంత ఎరుపు రాదు. పంపు మీద ఆ బొట్టును చూస్తూ నిలబడ్డాను. బక్కమ్మ చేతులు మణికట్ల దాకా ఆ నీళ్లలో ఉన్నాయి.

"సబ్బు ఏదైనా గంతే బక్కమ్మా. పసుపు ఎర్రగైతది" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అనడం అంత తేలికైంది.

లోపలికొచ్చి, సబ్బు నింపి పెట్టిన డ్రమ్ము మూత తీసి చూశాను. సగానికి పైగా ఉంది. పారబోస్తే ఇన్నాళ్లు మిగిల్చిందంతా పోయినట్టే. ఇది అయిపోయాక పాళ్లు సరిచేద్దాం అనుకుని మూత పెట్టాను. మూత గట్టిగానే పెట్టాను.

నెలాఖరులో ఒకరోజు బక్కమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకుని నా ముందు చాపింది.

"జర పట్టుకొని చూడు బిడ్డా. ఎంత నున్నగైనయో! నా పెండ్లినాడు సుత ఇంత నున్నగ లేకుండె."

పట్టుకున్నాను. వేలికొసలు మైనం పూసినట్టు మెరుస్తున్నాయి. గోళ్ల పక్కన సన్నగా పగుళ్లు, ఎర్రగా.

"మంట పెడ్తలేదా?"

"ఎండకాలం మంట ఎవలికి లేదు?"

కొబ్బరినూనె సీసా ఇచ్చాను. "రోజు రాసుకో" అన్నాను, డాక్టరు గొంతుతో. ఆమె నాకు దండం పెట్టినంత పని చేసింది. సగం సీసా కొబ్బరినూనెతో ఒక మనిషి దగ్గర అంత మంచి పేరు సంపాదించింది మా కాలనీలో నేనొక్కదాన్నే అయుంటాను.

జూన్ వచ్చింది. రేషన్ షాపుల్లో మూడు నెలల సన్నబియ్యం ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టారు. బక్కమ్మ కార్డులో ఆమె ఒక్క పేరే ఉంది. మనిషికి నెలకు ఆరు కిలోలు, మూడు నెలలకు పద్దెనిమిది. వానాకాలమంతా ఆమె తిండి అదే. ఆ నెల ముగిసేలోపు మిషను మీద వేలిముద్ర పెట్టి తెచ్చుకోవాలి, లేకపోతే పోయినట్టే.

మూడురోజులు వరసగా ఆలస్యంగా వచ్చింది. నాలుగోరోజు గిన్నెల దగ్గర కూర్చోకుండా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"బిడ్డా, మిషను నన్ను గుర్తుపడ్తలేదు."

"ఏం మిషను?"

"బియ్యం మిషను. రోజు పోతాన్న, రోజు లైన్ల నిలవడ్తాన్న, ఏలు పెడ్తాన్న. ఎర్రలైటే వస్తాంది. నువ్వొచ్చి జర మాట్లాడరాదు? సదువుకున్నదానివి."

గ్యాసు మీద పాలు పొంగాయి. నేను స్టవ్ ఆపడం ఆలస్యం చేశాను.

రేషన్ షాపు మా ఇంటికి రెండు సందుల అవతల. పొద్దున పదింటికే నలభై మంది లైన్లో ఉన్నారు. డీలరు వెంకట్రాజం పేరుకు కోపిష్టి కానీ, బక్కమ్మను చూడగానే విసుక్కోకుండా మిషను జరిపాడు.

"మళ్లొచ్చినవా అవ్వా? రా. ఏలు మంచిగ తుడువు. ఆఁ. జర తలకు రుద్దు, నూనె అంటుతది. ఇగ పెట్టు. నొక్కకు, ఊకె ఆనియ్యి."

ఎర్రలైటు.

"ఇంకో ఏలు."

ఎర్రలైటు. బొటనవేళ్లు, చూపుడువేళ్లు, నడిమివేళ్లు. పదివేళ్లూ అయ్యాయి. వెంకట్రాజం ఆమె చేయి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"ముద్ర పడనీకె ఏలు మీద గీతలుండాలె గదా అవ్వా. నీయి మొత్తం అరిగిపోయినయ్. ఏం పని చేస్తవ్? సిమెంటు పనా?"

"గిన్నెలు తోముత సారూ."

"గిన్నెలు తోమితే గింతగనం అరుగుతయా?"

వెనకనుంచి ఎవరో నవ్వుతూ అడిగారు, "ఏం సబ్బు వాడ్తవే అవ్వా?"

బక్కమ్మ వెనక్కి తిరిగింది. నడుము నిటారుగా చేసుకుంది. నా భుజం మీద చేయి వేసింది.

"మా బిడ్డ ఇంట్లనే చేస్తది. దుకాన్ల దొరికేటిది కాదు. పసుపును కుంకుమ చేస్తది ఆ సబ్బు!"

లైన్లో ఉన్నవాళ్లంతా నావైపు గౌరవంగా చూశారు. ఒకామె ముందుకు వంగి, "ఎట్ల చేస్తరక్కా? నాకు సుత జర చెప్పరాదు" అంది.

నేను నేల చూశాను. వెంకట్రాజం నన్ను మాట్లాడమన్నట్టు చూశాడు.

"వేరే తొవ్వ ఏం లేదా అన్నా?" అన్నాను.

"ఉన్నది. ఫోన్‌కు నంబరొస్తది, అది చెప్తే సాలు. ఈమె కార్డుకున్న నంబరు సిమ్ము ఎప్పుడో పోయిందట. కన్ను పెట్టి చూసే మిషనుంటది, మాది రిపేర్ల ఉన్నది. ఆధార్ సెంటర్ల కొత్త నంబరు ఎక్కియ్యుండ్రి. గని ఈ నెలల అయితదో కాదో."

ఆధార్ సెంటరు ఎక్కడుందో చూద్దామని పర్సులోంచి ఫోను తీశాను. బొటనవేలు ఆనించాను. వెంటనే తెరుచుకుంది.

బక్కమ్మ అటే చూస్తోంది.

"నీది మంచిగ పడ్డది బిడ్డా" అంది. సంతోషంగానే అంది.

ఇంటికొచ్చి డ్రమ్ము మొత్తం బాత్రూములో వంచేశాను. కావ్య కాలేజీ నుంచి వచ్చి, ఆ నురగ చూసి, ఇల్లు మునుగుతోందేమో అనుకుంది.

ఆ తర్వాతి పది రోజుల్లో నేను చేసినవి ఎవరికీ చెప్పదగ్గవి కావు. అయినా చెప్తాను. సూపర్‌మార్కెట్లో లిక్విడ్ కొన్నాను. ఇంటికి తెచ్చి నా పాత సీసాల్లో పోశాను. శకుంతలక్క ఇంటికి, నవ్య వాళ్లింటికి వెళ్లి "కొత్త ఫార్ములా చేసినక్కా, పాతది వాపస్ ఇయ్యుండ్రి" అని మార్చి వచ్చాను. శకుంతలక్క రెండురోజులు వాడించి, "ఇదే మస్తున్నదే. నువ్వు ఫ్యాక్టరీ పెట్టు" అంది. అంగడి సరుకును ఇంటి సరుకని నమ్మించడానికి ఆ నెల నేను పెట్టిన ఖర్చు మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. ఆయన చదవడు.

మా ఇంట్లో గిన్నెలు నేనే తోమడం మొదలుపెట్టాను. డాక్టరు ఎక్సర్‌సైజు చెప్పాడన్నాను. బక్కమ్మ నేను తోమిన గిన్నెల వైపు, నావైపు చూసి, మెల్లగా అడిగింది.

"నన్ను బందు పెడ్తాన్నవా బిడ్డా?"

"అయ్యో, లేదు! జీతం ఇస్త. కొన్నాళ్లు ఈ ఇంట్లనన్న నీళ్లల్ల చెయ్యి పెట్టకు, ఇల్లు ఊడ్చి పో."

"మరి గిన్నెలు తోమకుంట జీతమెందుకిస్తవ్?"

"నీ ముద్ర మళ్ల రావాలె గదా" అన్నాను.

అంతే చెప్పాను. అక్కడ ఇంకొక్క మాట చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. అప్పుడే బక్కమ్మ నా గడ్డం పట్టుకుని, "నా కడుపున పుట్టినోళ్లు సుత గింత ఆలోచన చెయ్యలే" అంది. ఆ మాట తర్వాత ఎట్లా చెప్పేది?

ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లాను. కొత్త ఫోన్ నంబరు ఎక్కించమని రాసిచ్చాం. వేలిముద్రలు మళ్లీ తీయమంటే, అక్కడి పిల్ల నాలుగుసార్లు ప్రయత్నించి, "ముందు చర్మం రానియ్యుండ్రి మేడం, తర్వాత తీస్కరాండ్రి" అంది. నెల చివరి మూడురోజులూ బక్కమ్మ పొద్దుటి నుంచి షాపు మూసేదాకా అక్కడే కూర్చుంది. వేళ్లకు నిమ్మకాయ రుద్దింది, విభూతి రుద్దింది. ఆఖరిరోజు వెంకట్రాజం తన సొంత రుమాలు తడిపి ఆమె పదివేళ్లూ తుడిచి పెట్టించాడట.

జూన్ అయిపోయింది. బక్కమ్మకు బియ్యం రాలేదు.

సీసాలు మార్చినదానికి సంచి మార్చడం ఎంత పని? జూలై రెండున సన్నబియ్యం బస్తా కొన్నాను. పద్దెనిమిది కిలోలు తూచి, నా చేతులతో పాత చొక్కాలతో కుట్టిన సంచిలో పోశాను. స్కూటీ మీద పెట్టుకుని రేకుల గదికి వెళ్లాను.

"వెంకట్రాజం ఇచ్చిండు. నేను బతిమాలిన. నీ కష్టం చూసి ఇచ్చిండు" అన్నాను.

బక్కమ్మ సంచిలో చేయి పెట్టి బియ్యం తీసి, అరచేతిలో ఆడించి చూసింది. కళ్లు తుడుచుకుంది. నేను అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

ఎవరైనా మేలు చేస్తే ఆ మనిషి దగ్గరికి పోయి మొహం చూపించి రావడం బక్కమ్మ పద్ధతి. అది నాకు తెలిసీ మర్చిపోయాను. వారం తర్వాత ఆమె రెండు మక్కకంకులు కాల్చి, ఉప్పుకారం రాసి, ఆకులో చుట్టుకుని వెంకట్రాజం దగ్గరికి పోయింది.

ఆరోజు సన్నగా వాన పడుతోంది. గొడుగు లేకుండా వచ్చింది. మక్కకంకుల పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

"బిడ్డా, వెంకట్రాజం నాకు బియ్యం ఇయ్యలేదంటాండు. మిషన్ల సూపెట్టిండు. నా కార్డు మీద ఒక్క గింజ సుత పోలేదట."

నేను పోపు గింజల డబ్బా మూత తీశాను, మళ్లీ పెట్టాను.

"మరి ఆ బియ్యం ఎవలియి?"

"నావి."

"నీయెందుకు?"

ఇక చెప్పడానికి మాటలు వెతుక్కోలేదు. శకుంతలక్క వాపసు ఇచ్చిన పాత లిక్విడ్ ఒక సీసాలో అడుగున మిగిలి ఉంది. ఎందుకు దాచానో తెలియదు. తెల్లటి సాసర్‌లో కొంచెం పోశాను. పోపుల డబ్బాలోంచి చిటికెడు పసుపు తీసి అందులో వేశాను. ఎర్రగా విచ్చుకుంది. ఇంకో సాసర్‌లో అంగట్లో కొన్న లిక్విడ్ పోసి పసుపు వేశాను. కాస్త రంగు తిరిగి ఊరుకుంది.

"దీంట్ల మందు ఎక్కువైంది బక్కమ్మా. నేనే ఎక్కువేసిన. గిన్నెలు మెరవాలని. నీ ఏళ్ల మీది గీతలు దీంతోనే పోయినయ్."

ఆమె రెండు సాసర్లనూ మార్చి మార్చి చూసింది. ఆమె కొంగు చివర నుంచి వాననీళ్లు కారి, నేను కుట్టిన కాళ్లపట్టా మీద పడుతున్నాయి.

"అందుకేనా నువ్వు చేతులకు కవర్లు తొడుక్కున్నవ్?"

"ఊఁ."

"తొక్కు పెట్టిననాడు నేను నిన్ను పిలిచి సూపెడ్తి. పంపు మీద బొట్టు పెడ్తి." ఆగింది. "ఆనాడే నీకు ఎరుకనా?"

కాదు అనొచ్చు. ఆమె నమ్మేది. నమ్మడానికి సిద్ధంగా ఉన్న మొహం పెట్టుకుని నిలబడింది కూడా.

"ఎరుకనే" అన్నాను.

బక్కమ్మ తల ఊపింది. మక్కకంకుల పొట్లం గట్టు మీద పెట్టింది. వెనక్కి వెళ్లి పంపు దగ్గర కూర్చుని, నేను తోమి బోర్లించిన గిన్నెలు ఒక్కొక్కటే తీసి చూసి, రెండింటిని పక్కన పెట్టి, "ఇయ్యి మంచిగ పోలే" అని మళ్లీ తోమింది. సబ్బు లేకుండా, వట్టి పీచుతో. లేచేటప్పుడు నావైపు చూడకుండా మాట్లాడింది.

"ఆ బియ్యం నేను వాపస్ ఇయ్య."

"వద్దు, వద్దు..."

"నువ్వు వద్దంటే కాదు. అయి నా చేతి ఏళ్ల కిరాయి, అందుకు ఇయ్య. రేపటి సంది సబ్బు నేను తెచ్చుకుంట. పైసలు నువ్వియ్యి. శకుంతలమ్మకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త."

"ఇయ్యాలనే చెప్పు."

చెప్పాను. శకుంతలక్క తన చేతులు వెలుతురులో పెట్టి చూసుకుని, ఆ సబ్బుతో తనెప్పుడూ గిన్నె తోమలేదని గుర్తొచ్చి ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా నాలాగే.

మర్నాడు బక్కమ్మ పచ్చటి సబ్బుబిళ్ల ఒకటి తెచ్చి, మూతున్న డబ్బాలో పెట్టి, పంపు పక్క గూట్లో ఉంచింది. ఒకసారి నా టీ గ్లాసు కడుక్కుందామని ఆ డబ్బా మీద చేయి వేశాను.

"అది నాది" అంది, వెనక్కి తిరగకుండానే. "అడిగి తీస్కో."

అడిగి తీసుకున్నాను. ఏడేళ్లలో మా ఇంట్లో ఆమెది అని చెప్పుకోదగ్గ మొదటి వస్తువు అదే. బిడ్డా అనడం మాత్రం మానేసింది. ఏ వరసా లేకుండా పిలుస్తుంది. "ఇదిగో" అంటుంది.

సెప్టెంబరులో మళ్లీ బియ్యం ఇచ్చారు. బక్కమ్మ కొత్త ఫోన్ నంబరు అప్పటికి కార్డుకు ఎక్కింది. నేను అడక్కుండానే వచ్చి, "స్కూటీ తియ్యి" అంది. షాపు దగ్గర వెంకట్రాజం ఆమెను చూడగానే, "ఇగ నీకు బాధ లేదవ్వా, ఫోన్‌కు నంబరొస్తది, చదివి చెప్పు" అన్నాడు.

"నంబరు వద్దు. ఏలు పెడ్త."

"ఎందుకవ్వా, మళ్ల లేటైతది. ఎనుక మంది ఉన్నరు."

"ఉండనియ్యి."

బొటనవేలు కొంగుకు తుడిచింది. పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ తుడిచింది. పెట్టింది. ఎర్రలైటు. లైన్లో ఎవరో గొణిగారు. నేను నా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మూడోసారి ఆమె వేలు ఆనించి, నొక్కకుండా, ఊపిరి బిగబట్టి ఉంది.

పచ్చలైటు.

"పడ్డదవ్వా!" అన్నాడు వెంకట్రాజం, తన వేలే పడ్డట్టు.

బక్కమ్మ వేలు తీసి ఒకసారి కొసను చూసుకుంది. తర్వాత నాకు చూపించింది, దగ్గరగా పెట్టి. గీతలు ఉన్నాయి, సన్నగా, అక్కడక్కడా తెగి. నేను చూశాను. ఇంకాస్త చూడు అన్నట్టు అట్లాగే ఉంచింది. చూశాను.

బియ్యం సంచి స్కూటీ ముందు పెట్టుకుని వస్తుంటే, సందు మొదట్లో వెనకనుంచి నా భుజం తట్టింది.

"ఆపు. సబ్బు ఒడిసింది."

కిరాణా దుకాణం ముందు ఆపాను. ఆమె దిగి, వరసగా పెట్టిన సబ్బులన్నీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, వాసన చూసి, అన్నిట్లోకీ పెద్దదీ ఖరీదైనదీ ఎంచి గల్లా మీద పెట్టింది. పెట్టి నావైపు చూసింది.

నేను దాన్ని వెనక్కి తిప్పి ధర చూడబోయాను. చెయ్యి సగంలో ఆగింది. పర్సు తీశాను.